గోమార్లు పశువును ఎలా పడతాయి, రోగం ఎలా అంటిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఆవులు, బర్రెలు, గొర్లు సాకేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "మందు కొట్టినం, పోయినయి, పదిహేను రోజులకు మళ్ళా వచ్చినయి, ఎందుకు?" గోమారి ఏ పశువును ఎప్పుడు ఎక్కుతుంది, ఎప్పుడు దిగుతుంది, దిగి ఎక్కడ దాక్కుంటుంది అన్నది తెలిస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది. అందుకే మందుల సంగతి కాస్త తర్వాత పెట్టి, ముందు పురుగు సంగతి చెప్తున్నాం.

గోమారి, పిడుదు ఒకటేనా? పేను వేరా?

గోమారి అన్నా పిడుదు అన్నా ఒకటే. పేను వేరు. పేనుకు ఆరు కాళ్ళు, పుట్టుక నుంచి చావు దాకా పశువు మీదే ఉంటుంది. గోమారి సాలీడు, తేలు కుటుంబానిది, పెద్దదానికి ఎనిమిది కాళ్ళు. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు మాత్రం ఆరే ఉంటాయి. ఆవగింజలో సగం కూడా ఉండదు కాబట్టి చాలామంది దాన్ని పేను అనుకుంటారు. అసలు తేడా ఇంకొకటుంది: గోమారి బతుకులో ఎక్కువ కాలం పశువు మీద గడవదు. నేల మీద, గడ్డిలో, కొట్టం గోడ పగుళ్ళలో గడుస్తుంది. పశువు మీద కనిపించేవి మొత్తం సంఖ్యలో కొద్ది భాగమే.

గోమారి ఎగురుతుందా? చెట్టు మీద నుంచి దూకుతుందా?

రెండూ చేయదు. రెక్కలు లేవు, దూకే కాళ్ళు లేవు. మన వైపు రకాల్లో ఎక్కువ భాగం గడ్డిపోచ ఎక్కి కాచుకుంటాయి.

పొద్దున మంచు ఆరకముందు గడ్డి కొసలను వంగి దగ్గరగా చూస్తే ఒక్కోసారి కనిపిస్తాయి. పోచ చివర ఎర్రటి నలకలు గుంపుగా ఉంటాయి. నోటితో మెల్లగా ఊదితే నలకలన్నీ ఒక్కసారి కదులుతాయి, ముందుకాళ్ళు రెండూ పైకి చాపి గాలిలో ఆడిస్తాయి. గోమారికి మీసాలు ఉండవు, ముందుకాళ్ళ కొసలే దానికి ముక్కు. ఆ కొసన చిన్న గుంట ఉంటుంది, దాన్ని హాలర్ అవయవం అంటారు. పశువు ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, చెమట వాసన, మూత్రంలోని అమ్మోనియా, ఒంటి వేడి, గాలిలో తేమ, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఆవు కాలో పొట్టో గడ్డికి రాసుకుంటూ పోతే చాపిన కాళ్ళ గోళ్ళు వెంట్రుకలకు తగులుకుంటాయి, అంతే.

ఎండ ముదిరితే కింద మట్టిలోకి దిగిపోతాయి. ఒంట్లో నీరు ఆరిపోతే చస్తాయి కాబట్టి తేమను పట్టుకోవడానికి నేలకు చేరతాయి, చల్లబడ్డాక మళ్ళీ ఎక్కుతాయి. పొద్దున్నే, సాయంత్రం మేపిన పశువులకు ఎక్కువగా పట్టడానికి ఇదొక కారణం.

ఇంకో రకం ఉంది, హయలోమా. అది కూర్చుని కాచుకోదు, వేటకు వస్తుంది. దానికి కళ్ళున్నాయి. నీడ, నేల అదురు, వాసన పసిగట్టి పగుళ్ళలో నుంచి బయటికొచ్చి పశువు వైపు కొన్ని మీటర్లు పరుగెత్తుతుంది. కొట్టంలో కట్టేసిన ఆవు గడప దాటకపోయినా దానికి గోమార్లు పట్టేది దీనివల్లే.

మందలో ఒకటి రెండు పశువులకే ఎక్కువ పడతాయి, ఎందుకు?

ఇది నిజమే, లెక్క పెట్టి చూసినా ఇట్లాగే ఉంటుంది. మందలోని గోమార్లలో పెద్ద భాగం కొద్ది పశువుల మీదే దొరుకుతుంది. ఎక్కేటప్పుడు గోమారి పెద్దగా ఏరుకోదు, దొరికినదాన్ని పట్టుకుంటుంది. తేడా వచ్చేది ఎక్కిన తర్వాత.

ఆరోగ్యంగా ఉన్న పశువు నాలుకతో నాకి, తోకతో కొట్టి, గోడకు రాసుకుని పిల్ల దశలోనే చాలావాటిని దులిపేస్తుంది. పలుపు మరీ పొట్టిగా కట్టిన ఆవు తన తొడను నాక్కోలేదు. బక్కచిక్కినది, కొత్తగా ఈనినది, రోగంతో ఉన్నది ఓపిక లేక వదిలేస్తుంది. రెండో సంగతి చర్మం. కొన్నిసార్లు కుట్టించుకున్న పశువు చర్మం ఆ ఉమ్మిని గుర్తుపడుతుంది, కుట్టినచోట దురద పుట్టి వాస్తుంది, గోమారికి నెత్తురు సరిగా అందదు. ఈ శక్తి అన్నిటికీ సమానంగా రాదు, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఏటా అందరికంటే ఎక్కువ గోమార్లు పట్టే ఆవు కడుపున పుట్టిన కోడెను విత్తనానికి ఉంచుకోకపోవడం మంచిది.

వాసన పాత్ర కూడా ఉంది. బీగిల్ జాతి కుక్క ఒంటి నుంచి వచ్చే రెండు రసాయనాలు కుక్క గోమారిని దూరం పెడతాయని బ్రెజిల్ పరిశోధకులు చూపించారు. పశువుల్లో దాన్ని వాడుకునే మందు ఇంకా మన అంగడికి రాలేదు.

నాటు ఆవుకు తక్కువ, జెర్సీ, హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరానికి ఎక్కువ ఎందుకు?

మూపురం ఉన్న దేశీ జాతులు వేల ఏళ్ళుగా ఈ పురుగుతోనే బతికాయి. పలుచటి, నున్నటి వెంట్రుకలు, ముడుచుకుని అదిరే చర్మం, పైన చెప్పిన దురద శక్తి వాటికి పుట్టుకతో ఉన్నాయి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచున తిరిగే పొడ తూర్పు పశువులను చూడండి. అడవిలో మేస్తాయి, అయినా ఒళ్ళంతా గోమార్లతో కుప్పపడినవి అరుదు. విదేశీ నెత్తురు పెరిగేకొద్దీ ఈ శక్తి తగ్గుతుంది, పైగా రోగం వస్తే తట్టుకునే బలం కూడా తగ్గుతుంది. బర్రె చర్మం మందం, బురదలో పొర్లుతుంది, కాబట్టి దానికి సాధారణంగా ఆవు కంటే తక్కువ. దుడ్డెలకు మాత్రం ఈ భరోసా లేదు.

మా కొట్టంలో ఉన్నది ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

ఇది తెలుసుకోకుండా మందు కొనొద్దు. మన వైపు ఆవులు, బర్రెల మీద ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి.

మొదటిది రైపిసెఫాలస్ మైక్రోప్లస్. చిన్నది, కాళ్ళు లేతరంగు, నోరు పొట్టి. నెత్తురు తాగి నిండిన ఆడది బూడిద, నీలం కలిసిన చిక్కుడు గింజలా ఉంటుంది. గంగడోలు, పొదుగు, తొడ సందులు, పక్క డొక్కల మీద చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటాయి. అన్ని సైజులు ఒకే పశువు మీద కనిపించడమే దీని గుర్తు.

రెండోది హయలోమా. పెద్దది, ముదురు గోధుమ రంగు, నోరు పొడవు. కాళ్ళ మీద కణుపు కణుపుకు లేత పట్టీలు ఉంటాయి, కడియాలు తొడిగినట్టు. నేల మీద వదిలితే గబగబా పరుగెత్తుతుంది. పశువు మీద పొదుగు, గజ్జలు, తోక కింద, మలద్వారం చుట్టూ పెద్దవే పట్టుకుని ఉంటాయి.

గొర్లు, మేకల చెవుల లోపల, చెవి అంచున గుత్తులుగా పట్టే చిన్నవి ఎక్కువగా హీమాఫైసాలిస్.

గుర్తు కుదరకపోతే నాలుగైదు గోమార్లను చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి వేసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నోరు తెగకుండా తీయాలి, నోరు లేని గోమారిని గుర్తుపట్టడం కష్టం.

రకం తెలిస్తే ఏం లాభం?

ఏ రకం ఎన్ని పశువులు మారుతుంది అన్నదాన్ని బట్టే మందు ఎక్కడ కొట్టాలో తేలుతుంది.

మైక్రోప్లస్ ఒకే పశువు మీద బతుకుతుంది. పిల్లగా ఎక్కి, అక్కడే రెండుసార్లు కుబుసం విడిచి, అక్కడే పెద్దదై, జతకట్టి, సుమారు 21 రోజులకు నిండు ఆడదిగా కింద రాలుతుంది. రాలిన రెండు నాలుగు రోజుల్లో గుడ్లు మొదలుపెట్టి 2000 నుంచి 3000 దాకా పెట్టి చస్తుంది. మన ఎండల్లో గుడ్లు మూడు నాలుగు వారాల్లో పగులుతాయి, చలికాలంలో ఇంకా ఆలస్యం. పిల్లలు తిండి లేకుండా నెలల తరబడి కాచుకోగలవు, వేసవిలో అంత నిలవలేవు. కాబట్టి దీనికి పశువే యుద్ధభూమి. 21 రోజులు దాటకుండా పశువు మీద మందు పడుతుంటే గుడ్లు పెట్టే ఆడది తయారుకాదు.

హయలోమా రెండు మూడు సార్లు దిగి ఎక్కుతుంది. నెత్తురు తాగుతుంది, దిగుతుంది, గోడ పగుల్లో కుబుసం విడుస్తుంది, మళ్ళీ ఇంకో పశువునో అదే పశువునో పడుతుంది. పశువు మీద మందు కొట్టిన రోజున వీటిలో చాలా భాగం గోడలో ఉంటాయి. దీనికి పశువుతో పాటు కొట్టం కూడా కడగాలి. "మందు కొట్టినా మళ్ళా వచ్చినయి" అనేవాళ్ళ కొట్టాల్లో రాతి గోడ సందులు, మట్టి గోడ పగుళ్ళు, పాత దూలాల బెజ్జాలు ఒకసారి చూడండి.

గోమారి కుట్టగానే రోగం వస్తుందా?

కుట్టిన ప్రతిదీ రోగం మోయదు, మోసేది కూడా కుట్టగానే ఎక్కించదు. గోమారి దోమలా గుచ్చి లేచిపోదు. కత్తెరల్లాంటి భాగాలతో చర్మం కోసి, వెనక్కి వంగిన ముళ్ళున్న నాలుకలాంటి భాగాన్ని దింపి, చాలా రకాలు చుట్టూ సిమెంటు లాంటి జిగురు పోసుకుంటాయి. ఆ తర్వాత రోజుల తరబడి ఉమ్మడం, తాగడం వంతులవారీగా జరుగుతుంది. ఉమ్మిలో నొప్పి తెలియనివ్వని, నెత్తురు గడ్డకట్టనివ్వని, పశువు రక్షణ శక్తిని అణచే పదార్థాలు ఉంటాయి. రోగక్రిమి ఆ ఉమ్మితోనే దిగుతుంది.

థైలేరియా క్రిమి గోమారి లాలాజల గ్రంథుల్లో నిద్రపోతున్నట్టు ఉంటుంది. గోమారి పట్టుకుని నెత్తురు తాగడం మొదలెట్టాక రెండు మూడు రోజులకు గానీ అంటించే దశకు రాదు. అందుకే రోజూ పాలు పితికే ముందు పొదుగు, గజ్జలు తడిమి చూసేవాళ్ళకు ఈ రోగం తగ్గుతుంది.

ఒక పశువు మీదే బతికే మైక్రోప్లస్ ఇంకో పశువుకు రోగం ఎలా మోస్తుంది?

తెలివైన ప్రశ్న. జవాబు గుడ్డులో ఉంది. బెబీసియా క్రిమి (ఎర్ర మూత్రం రోగం తెచ్చేది) తల్లి గోమారి అండాశయంలోకి పాకి గుడ్లలోకి చేరుతుంది. రోగపు ఆవు నెత్తురు తాగి రాలిన తల్లి చస్తుంది, దాని పిల్లలు పుట్టుకతోనే క్రిమితో పుట్టి వేరే ఆవును పడతాయి. ఈ సంగతిని 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ ఈ క్రిమితోనే వచ్చే టెక్సాస్ పశువుల జ్వరం మీద పనిచేసి బయటపెట్టారు. దోమ మలేరియాను మోస్తుందని తేలకముందే గోమారి రోగం మోస్తుందని తేలింది.

థైలేరియా గుడ్లలోకి పోదు. పిల్లప్పుడు రోగపు పశువు నెత్తురు తాగిన హయలోమా, కుబుసం విడిచి పెద్దదయ్యాక వేరే పశువును కుట్టినప్పుడు అంటిస్తుంది. అందుకని రోగం వచ్చి కోలుకున్న పశువు పక్కన కొత్త సంకర లేగను కట్టేయడం ప్రమాదం. కోలుకున్నది పైకి బాగానే ఉన్నా నెత్తురులో క్రిమి ఉంటుంది, గోడలో హయలోమా ఉంటుంది, మధ్యలో దూరం నాలుగు అడుగులు.

థైలేరియా, ఎర్ర మూత్రం, అనాప్లాస్మా: ఇంట్లో ఎలా తేడా పట్టాలి?

మూడింట్లోనూ జ్వరం, మేత మానడం, పాలు పడిపోవడం ఉంటాయి. ఆవుకు మామూలు వేడి 101.5 ఫారన్‌హీట్ అటూఇటూ. ఇవి వస్తే 104 నుంచి 107 దాకా పోతుంది.

భుజం ముందు, చెవి కింద నిమ్మకాయంత బిళ్ళలు కడితే, కళ్ళలో నీళ్ళు కారుతూ ఎగశ్వాస వస్తే థైలేరియాను అనుమానించాలి. బిళ్ళను చేత్తో నొక్కితే గట్టిగా ఉండి జారుతుంది. మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోస్తే బెబీసియా. మూత్రం ఎర్రబడకుండా కళ్ళ లోపలి పొర తెల్లబడి, ఆపైన పచ్చబడి, పేడ గట్టిపడితే అనాప్లాస్మా. అనాప్లాస్మాను గోమార్లే కాదు, కుట్టే ఈగలు, ఒకే సూదితో అన్నిటికీ వేసే ఇంజెక్షన్లు, కొమ్ములు కోసే పనిముట్లు కూడా అంటిస్తాయి. టీకాల రోజున ఒక్కో పశువుకు ఒక్కో సూది అడగండి.

గుర్తులు చూసి మందు మొదలెట్టే ముందు చెవి కొస నెత్తురు చుక్కతో స్లైడు తీయించాలి. థైలేరియా అనుమానం ఉంటే బిళ్ళ నుంచి కూడా తీస్తారు. యాంటీబయాటిక్ వేశాక తీసిన స్లైడులో క్రిమి దొరకకపోవచ్చు, ముందు స్లైడు తర్వాత సూది.

చికిత్స ఏమిటి? టీకా ఉందా?

థైలేరియాకు బుపార్వాక్వోన్, కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు, అంటే మామూలుగా దొరికే సీసాలో ప్రతి 20 కిలోలకు 1 మి.లీ. 300 కిలోల ఆవుకు 15 మి.లీ. మెడ కండలో, ఒకేచోట 10 మి.లీ. దాటకుండా రెండుచోట్ల. బరువు కంటితో అంచనా వేసి తక్కువ వేయడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు, మందు ఖరీదు కదా అని సగం వేస్తే ఆవు పోతుంది, మందు డబ్బులూ పోతాయి. బెబీసియాకు డైమినాజిన్ లేదా ఇమిడోకార్బ్, అనాప్లాస్మాకు ఆక్సిటెట్రాసైక్లిన్ వాడతారు. ఇవి డాక్టరు చేతిలో ఉండాల్సినవి. ఆసుపత్రి దూరమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

థైలేరియాకు టీకా ఉంది, రక్షావ్యాక్-టి, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ తయారీ. రెండు నెలలు దాటిన సంకర లేగలకు, ఆవులకు 3 మి.లీ. చర్మం కింద వేస్తారు. ద్రవ నత్రజనిలో నిల్వ ఉంచాలి కాబట్టి మెడికల్ షాపు ఫ్రిజ్‌లో దొరకదు. చాలా పశువులకు కలిపి ఊరంతా ఒకేసారి వేయించుకోవడం తేలిక. చూడి చివరి నెలల్లో వేయించొద్దు.

మందు ఎంత నీటికి ఎంత కలపాలి? ఎలా కొట్టాలి?

డెల్టామెత్రిన్ 1.25 శాతం: లీటరు నీటికి 2 మి.లీ. అమిట్రాజ్ 12.5 శాతం: లీటరుకు 2 మి.లీ. సైపర్‌మెత్రిన్ 10 శాతం: లీటరుకు 1 మి.లీ. సీసా మీద శాతం వేరే ఉంటే కొలత కూడా వేరే, చదివే కలపండి. ఫ్లూమెత్రిన్ 1 శాతం నీళ్ళలో కలపకుండా మూపురం నుంచి తోక మొదలు దాకా వెన్ను మీద గీతలా పోస్తారు, 10 కిలోలకు 1 మి.లీ.

పెద్ద ఆవుకు కనీసం 3, 4 లీటర్ల కలిపిన మందు పడాలి. అర లీటరుతో ఒళ్ళు మీద జల్లి వదిలేస్తే వెన్ను తడుస్తుంది. గోమారి ఉండేది వెన్ను మీద కాదు. వెంట్రుకలకు ఎదురుగా కొడుతూ చెవుల లోపల, గంగడోలు ముడతలు, ముందుకాళ్ళ సందు, పొదుగు వెనక, తోక ఎత్తి దాని కింద, తోక కుచ్చు తడపాలి. పొట్ట కింద నుంచి చుక్కలు కారితే అప్పుడు సరిపోయినట్టు. చెవులకు, కళ్ళ చుట్టూ గుడ్డ ముంచి తుడవండి.

ముందుగా పశువుకు కడుపునిండా నీళ్ళు తాపాలి, దాహంతో ఉంటే ఒళ్ళు నాక్కుంటుంది. పొద్దున పాలు పితికాక కొట్టాలి, సాయంత్రం పొదుగు కడిగి పితకాలి. మిట్టమధ్యాహ్నం వద్దు, వాన వచ్చేలా ఉంటే వద్దు, ఒంటి మీద పుండ్లు ఉంటే వద్దు. మిగిలిన మందు చెరువులోనో కుంటలోనో పారబోస్తే చేపలు చస్తాయి. అమిట్రాజ్ కలిపి నిలవ ఉంచితే బలం పోతుంది, ఏ రోజుది ఆ రోజే. గుర్రానికి అమిట్రాజ్ కొట్టకూడదు.

ఊళ్ళో ఒక్కరు కొడితే పక్కింటి పశువుల గోమార్లు మళ్ళీ ఎక్కుతాయి. బీడులో కలిసి మేసే మందలన్నిటికీ ఒకే వారంలో కొట్టి, 14 నుంచి 21 రోజుల్లో మళ్ళీ కొట్టాలి.

పత్తికి తెచ్చిన మందు కొట్టవచ్చా?

వద్దు. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి చర్మం గుండా ఒంట్లోకి దిగుతాయి. నోట్లో సొంగ, ఒళ్ళు వణుకు, పారుడు, కంటిపాప సూదిమొనంత కావడం, తర్వాత ఊపిరాడక చావు. అట్లా జరిగితే వెంటనే సబ్బు నీళ్ళతో కడిగి డాక్టరును పిలిచి మందు డబ్బా చూపించండి, అట్రోపిన్ వేయాల్సి ఉంటుంది. పత్తి చేలో గడ్డిమందు, పురుగుమందు కొట్టిన పంపును పశువులకు వాడటం కూడా ఇదే తప్పు. కడిగినా గొట్టంలో మిగులుతుంది, పశువులకు వేరే పంపు పెట్టుకోండి.

సరైన కొలతలో కొట్టినా చావట్లేదు, ఎందుకు?

కొట్టిన రెండు మూడు రోజుల తర్వాత చూడండి. గోమార్లు ఎండి ముడుచుకుని ఊడితే మందు పనిచేసింది. ఇంకా ఉబ్బుతూ ఉంటే ఆ మందుకు అలవాటు పడ్డాయి. పైరెత్రాయిడ్ తెగ మందులకు (డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి) లొంగని మైక్రోప్లస్ దేశంలో చాలాచోట్ల ఉంది. తక్కువ మోతాదు, తక్కువ నీళ్ళు, ఏళ్ళ తరబడి ఒకే మందు, వీటితోనే ఆ అలవాటు వస్తుంది. బలహీనమైనవి చస్తాయి, గట్టివి గుడ్లు పెడతాయి. డెల్టామెత్రిన్ పనిచేయకపోతే సైపర్‌మెత్రిన్‌కు మారడం మారినట్టు కాదు, రెండూ ఒకే తెగ. అమిట్రాజ్‌కు మారాలి. రెండు మందులు కలిపి, కొలత రెట్టింపు చేసి కొట్టడం పశువుకే ప్రమాదం.

ఐవర్‌మెక్టిన్ సూది వేస్తే సరిపోదా?

50 కిలోలకు 1 మి.లీ. చొప్పున చర్మం కింద వేస్తే మైక్రోప్లస్ మీద కొంత పనిచేస్తుంది, అది మూడు వారాలు పశువు మీదే ఉంటుంది కాబట్టి. కొద్ది రోజులు తాగి దిగిపోయే హయలోమా మీద అంతగా పనిచేయదు. పాలలోకి దిగుతుంది, పాలిచ్చే పశువుకు వేయొద్దు.

కొట్టంలో ఏం చేయాలి?

పగుళ్ళు పూడ్చడం మందు కంటే ఎక్కువ పనిచేస్తుంది. గోడకు నేల నుంచి ఐదారు అడుగుల దాకా సిమెంటు ప్లాస్టరు, అది కుదరకపోతే పేడ, మట్టి మెత్తి సున్నం కొట్టండి. గాటి కింద, గుంజల మొదట్లో, తలుపు కమ్మీల్లో చూడండి. గడ్డి కప్పు లేని రాతి, సిమెంటు గోడలకైతే బ్లో ల్యాంపు మంటతో పగుళ్ళు కాల్చవచ్చు. పక్కన గడ్డివాము ఉంటే ఆ మాట మరిచిపోండి. పెంటకుప్పను కొట్టానికి ఆనించి వేయొద్దు. ఊడ్చిన చెత్తలో నిండు ఆడవి ఉంటాయి, దాన్ని ఊరికే బయట పోస్తే గుడ్లు అక్కడ పెడతాయి. కాల్చేయండి.

చేత్తో ఏరి పారేస్తే చాలదా?

ఏరడం మంచిదే, పారేయడం కాదు. నిండు ఆడది కింద పడినా గుడ్లు పెడుతుంది. గోళ్ళ మధ్య నలిపితే దాని నెత్తురు మన చేతి పగుళ్ళలోకి పోతుంది. చేతికి తొడుగు వేసుకుని ఏరి, సబ్బు నీళ్ళున్న డబ్బాలో వేసి మూత పెట్టండి. కోళ్ళు ఏరుకుని తింటాయి, కొంగలూ గోరువంకలూ తింటాయి. వాటి వంతు అవి చేస్తాయి, మన వంతు తగ్గదు. వేపాకు, వెల్లుల్లి, పసుపు రసం కొన్ని ఉన్నప్పుడు వారానికోసారి రాస్తే తగ్గుముఖం పడుతుంది. ఒళ్ళంతా నిండిన పశువుకు దానితో కాలయాపన చేయొద్దు.

గొర్లు, మేకలకు?

ఉన్ని కత్తిరించిన వెంటనే కాకుండా గీతలు మానాక, సుమారు రెండు వారాలకు మందు నీళ్ళలో ముంచడం సులువు. తల ఒక్కసారి మాత్రం ముంచి లేపాలి. చెవి లోపలి గుత్తులకు గుడ్డతో వేరే రాయాలి, లేకపోతే ముంచినా అక్కడివి బతుకుతాయి. పాలమూరు మందలు ఊరూరా తిరుగుతాయి. పొలంలో మంద పెట్టించుకుంటే ఎరువుతో పాటు రాలిన గోమార్లు కూడా మిగులుతాయి. దున్నేదాకా ఆ చేలో ఆవులను కట్టేయకండి.

కుక్కకు పట్టినవి ఆవుకు వస్తాయా?

కుక్క గోమారి, రైపిసెఫాలస్ సాంగ్వినియస్, మూడు దశల్లోనూ కుక్కనే కోరుకుంటుంది. పశువుకు అరుదుగా పడుతుంది. ఇది గోడలు ఎక్కుతుంది, తాగి దిగినవి పైకప్పు మూలల్లో, తలుపు సందుల్లో గుడ్లు పెడతాయి. కుక్కకు ఎర్లికియా తెస్తుంది: జ్వరం, ముక్కు నుంచి నెత్తురు, పొట్ట మీద ఎర్రటి మచ్చలు. దీనికి డాక్సీసైక్లిన్ 28 రోజులు వేయాలి. వారానికి కుక్క లేచి తిరిగిందని మాని వేస్తే మళ్ళీ తిరగబెడుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో పెర్మెత్రిన్ వాడొద్దు, పిల్లి చస్తుంది.

కోళ్ళగూట్లో రాత్రి మాత్రమే కనిపించేవి?

అవి మెత్తటి గోమార్లు, ఆర్గాస్ పర్సికస్. పగలు కర్ర సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి అరగంట, గంటలో తాగి పోతాయి. పగలు కోడిని వెతికితే పెద్దవి దొరకవు. తిండి లేకుండా ఏళ్ళు బతుకుతాయి, గూడు ఆరు నెలలు ఖాళీగా పెట్టినా చావవు. గూటి కర్రలు మార్చండి, లేదా ఇనుప చట్రం పెట్టండి.

లంపీ చర్మ వ్యాధి గోమార్లతోనే వచ్చిందా?

ప్రధానంగా కుట్టే ఈగలు, దోమలు. గోమార్లు కూడా వైరస్‌ను మోయగలవని ప్రయోగాల్లో కనిపించింది. అందుకని గోమార్లకు మందు కొట్టి లంపీ టీకా మానడం సరికాదు.

మనుషులకు ఏ రోగాలు వస్తాయి?

కుక్క గోమారితో భారతీయ టిక్ టైఫస్ రావచ్చు: జ్వరం, తలనొప్పి, అరచేతుల మీద కూడా మచ్చలు. క్యాసనూర్ అడవి జ్వరం 1957లో కర్ణాటక శివమొగ్గ అడవుల్లో కోతులు చనిపోవడంతో బయటపడింది, దాన్ని మోసేది హీమాఫైసాలిస్ స్పినిజెరా. క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం మన దేశంలో 2011లో గుజరాత్‌లో తొలిసారి నిర్ధారణ అయింది. దీన్ని మోసేది హయలోమా, పశువుకు పెద్దగా ఏమీ కాదు, మనిషికి ప్రాణాంతకం. గోమార్లను చేత్తో నలపొద్దని పదేపదే చెప్పేది అందుకే. స్క్రబ్ టైఫస్‌ను చాలామంది గోమారి రోగం అంటారు, కాదు. అది పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న నల్లి (మైట్, మంచం నల్లి కాదు) పిల్లలతో వస్తుంది.

మనిషికి పట్టుకుంటే ఎలా తీయాలి?

సన్నటి చిమ్టాతో చర్మానికి ఆనించి, గోమారి పొట్టను కాకుండా తలను పట్టుకుని, తిప్పకుండా, కుదపకుండా నిదానంగా పైకి లాగండి. బీడీతో కాల్చడం, కిరోసిన్ పోయడం, సున్నం పెట్టడం వద్దు. దానివల్ల అది లోపలి ద్రవం మన ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. నోటి ముక్క చర్మంలో తెగితే గుచ్చి తవ్వొద్దు, చర్మమే నెట్టేస్తుంది. చోటును సబ్బుతో కడిగి, తీసిన గోమారిని స్పిరిట్ సీసాలో వేసి తేదీ రాసి పెట్టుకోండి. రెండు వారాల్లో జ్వరం వస్తే ఆ సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్ళి, గోమారి కుట్టిందని మీరే ముందు చెప్పండి. అడగకపోతే ఆ మాట చాలామంది చెప్పరు, జ్వరం మందులతోనే వారం గడిచిపోతుంది.